కొంగ కాలంత లోతు

హైదరాబాద్‌లోని సరూర్‌నగర్ చెరువు చుట్టూ నడవడానికి దారి ఉంది, కూర్చోవడానికి పార్కు ఉంది. పిట్ట దిగడానికి ఒడ్డే కరువైంది. ఊరి నడుమ చెరువును పక్షుల నెలవుగా ఎలా చూసుకోవాలి? చూడ్డానికి వెళ్లేవాళ్లు ఎలా వెళ్లాలి?

జనవరి నెల. పొద్దున ఆరున్నర. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ల కింద ఇడ్లీ బండ్ల దగ్గర ఆవిర్లు లేస్తున్నాయి. గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలు హాస్టళ్ల నుంచి బయటికొచ్చి, చేతిలో నోట్సుతోనే టీ తాగుతున్నారు. అక్కడి నుంచి ఆటోలో కొద్ది నిమిషాలు పోతే సరూర్‌నగర్ చెరువు కట్ట. మంకీ క్యాపులు, స్వెటర్లు, షుగరు తగ్గాలని డాక్టరు రాసిచ్చిన నడకలు. బెంచీ మీద ఇద్దరు పెద్దమనుషులు పింఛను సంగతి మాట్లాడుకుంటున్నారు. నీళ్ల మీద ఇంకా మంచు ఉంది.

అది విడిపోతున్న కొద్దీ చెరువు బయటపడుతుంది. నడుమ నీళ్లలో నీటికాకులు మునుగుతూ తేలుతూ ఉన్నాయి. రాతి గోడ పొడుగునా చూస్తే ఒక్క పిట్ట లేదు. మరి కొంగలన్నీ ఎక్కడ? మురుగు నాలా వచ్చి కలిసే మూలన, ప్లాస్టిక్ కవర్ల మధ్య, కాస్త నల్లటి బురద మేట వేసింది. అన్నీ అక్కడే. గుడ్డి కొంగలు మెడ లోపలికి లాక్కుని కదలకుండా నిలబడ్డాయి. తెల్లకొంగలు ఒక్కో అడుగే ఆచితూచి వేస్తున్నాయి. గులాబీ రంగు కాళ్ల ఉల్లంకి పిట్టలు ముక్కు బురదలో గుచ్చి తీస్తూ, మళ్లీ గుచ్చుతూ పరుగులు పెడుతున్నాయి. నత్తగుల్ల కొంగ ఒకటి, రెండు దవడల మధ్య సందులోంచి వెలుతురు కనిపించే ముక్కుతో, గుల్లను నీళ్లలోనే విప్పే పనిలో ఉంది.

మనుషులు ముక్కు మూసుకుని దాటిపోయే చోటును పిట్టలు ఎందుకు ఎంచుకున్నట్టు? మురుగంటే వాటికి ఇష్టమని కాదు. 99 ఎకరాల ఆ చెరువులో కొంగ కాలు నేలకు ఆనే లోతు ఆ మూలనే మిగిలింది.

2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడినప్పటి నుంచి హైదరాబాద్‌లో చెరువుల మాట ప్రతి ఇంట్లో నలుగుతోంది. ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ (చెరువు నిండు హద్దు, దాని చుట్టూ వదలాల్సిన నేల) అన్న మాటలు ప్లాటు కొనాలనుకునే ప్రతివాళ్ల నోటా వినిపిస్తున్నాయి. పూడిపోయి, ఒకప్పుడు కుంట అన్న ఆనవాలే చెరిగిపోయిన అంబర్‌పేట బతుకమ్మ కుంట 2025లో మళ్లీ నీళ్లు చూసింది. ఇదంతా చెరువు ఎంతవరకు అన్న లెక్క. గీత గీసి కాపాడుకున్న చెరువు లోపల ఎలా ఉండాలన్నది ఇంకా ఎవరూ గట్టిగా అడగడం లేదు. ఆ ప్రశ్న అడగడానికి దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్‌బీ నగర్‌కూ మధ్యనున్న ఈ చెరువు కంటే మంచి చోటు దొరకదు.

నీరటి ఉన్న రోజులు

సరూర్‌నగర్ చెరువు 1626 నాటిది. కుతుబ్‌షాహీల కాలంలో సాగునీటికి తవ్వించారు. 1956 తర్వాత నగరం ఇటువైపు పెరిగేదాకా నీళ్లు తేటగానే ఉండేవని చెబుతారు. ఈ పక్కన వేటకు వచ్చే నిజాం విడిది కూడా ఉండేది. తర్వాత అది విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమమైంది. మెట్రో ఎక్కేవాళ్లకు ఆ పేరు ఇప్పుడు స్టేషన్‌గా తెలుసు. వేట విడిది కట్టుకున్నారంటే ఈ నేలమీద మృగాలూ పక్షులూ ఎంతగా ఉండేవో ఊహించుకోవచ్చు.

తెలంగాణలో చెరువుకు ఒక ఏడాది నడక ఉండేది. వానాకాలంలో నిండుతుంది, మత్తడి దూకుతుంది. తర్వాత నీరటి తూము తీస్తాడు. ఏ మడికి ఎప్పుడు, ఎంత అన్నది అతని చేతిలో పని. సంక్రాంతి దాటేసరికి నీరు వెనక్కి తగ్గి శిఖం భూమి తేలేది. తడి ఆరని ఆ నేలలో కొందరు దోస, పుచ్చ పెట్టుకునేవాళ్లు. మిగతాచోట గొడ్లు మేసేవి. ఎండలు ముదిరేసరికి నీళ్లు నడిమి గుంటలోకి చేరేవి.

పక్షుల ఏడాది దీనికి అచ్చంగా సరిపోయింది. మధ్య ఆసియా నుంచి, హిమాలయాలకు అవతలి నుంచి బాతులు అక్టోబరు, నవంబరు నెలల్లో దిగుతాయి. అప్పుడు వాటికి నిండు చెరువు కావాలి, ఉంటుంది. ఉల్లంకులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో తిరుగు ప్రయాణానికి ముందు ఒంట్లో కొవ్వు పట్టించుకోవాలి. అందుకు పురుగులతో కదిలే బురద ఒడ్డు కావాలి, అదీ సరిగ్గా అప్పుడే తేలుతుంది. మార్చి దాటాక మన ఊళ్ల కొంగలకు, చిక్కబడిన నీళ్లలో చేపలు సులువుగా చిక్కుతాయి. నీరటి తూము తీసింది వరి కోసమే, పిట్టలను తలుచుకుని కాదు. అయినా ప్రపంచంలో పేరున్న పక్షుల కేంద్రాల్లో ఇవాళ జీతాలిచ్చి చేయిస్తున్న ముఖ్యమైన పని అదే. ఏ నెలలో ఎన్ని అంగుళాల నీరు ఉంచాలో చూసుకోవడం.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పటికి ఈ చెరువులన్నీ నీరటుల చేతుల్లోనే ఉన్నాయి.

పొలాలు కాలనీలయ్యాక తూముకు పని పోయింది, నీరటికీ పని పోయింది. వానకు బదులు మురుగు వచ్చింది. వాన నాలుగు నెలలే, మురుగుకు సెలవు లేదు. కాబట్టి నీటిమట్టం ఏడాది పొడుగునా దాదాపు ఒకటే. చెరువుకు ఇప్పుడు ఎండాకాలం రాదు. ఒడ్డు తేలదు.

మురుగులోని నత్రజని, భాస్వరం తిని గుర్రపు డెక్క పెరుగుతుంది. నీళ్ల మీద పరుచుకుని వెలుతురు రానివ్వదు, నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. యంత్రాలు పెట్టి తీయిస్తారు. మురుగు వస్తున్నంత కాలం అది మళ్లీ వస్తూనే ఉంటుంది. గుర్రపు డెక్క వేళ్లను పట్టుకుని పెరిగే దోమ జాతులున్నాయి, మురుగు నిలిచినచోట గుడ్లు పెట్టే క్యూలెక్స్ ఉంది. సాయంత్రం ఆరు కాగానే కాలనీల్లో కిటికీలు మూసుకోవడానికి కారణం ఇదే. చేపలు తిరిగే తేటనీటి ఒడ్డున దోమల పిల్లలు బతికి బట్టకట్టడం కష్టం.

---

బాక్స్: ఏ పిట్టకు ఎంత లోతు

తడి బురద నుంచి రెండు మూడు అంగుళాల నీటిదాకా: చిన్న ఉల్లంకులు, తీతువు పిట్టలు, జిట్టంగులు.

అరచెయ్యి లోతు: గుడ్డి కొంగ, పొడుగు కాళ్ల ఉల్లంకి, కంకణం.

అడుగు దాకా: పెద్ద తెల్లకొంగ, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, తెడ్డుమూతి కొంగ. తలకిందులై తోక పైకెత్తి మేసే బాతులు.

నిలువు లోతు: బుడబుంగ, నీటికాకి, పాములా మెడ ఒక్కటే పైకి పెట్టి ఈదే పాముమెడ పిట్ట. గూడబాతులు నీళ్ల పైన గుంపు కట్టి చేపలను ఒక మూలకు తోలి ముక్కు సంచిలో ఎత్తుకుంటాయి.

జమ్ములో: ఊదా రంగు నీటికోడి, బొల్లికోడి. జమ్ము మొత్తం కోసేస్తే వీటికి గూడు లేదు.

---

చక్కటి గోడ, దిగలేని ఒడ్డు

2003-04 ప్రాంతంలో ప్రభుత్వం సుమారు 20 కోట్ల రూపాయలు పెట్టి ఈ చెరువును బాగుచేయించింది. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. కట్ట మీద నడిచే వేలమందిని, ప్రియదర్శిని పార్కులో ఉయ్యాలలూగే పిల్లలను చూస్తే ఎంత అవసరమో తెలుస్తుంది. కంచె, దారి ఉండబట్టే మిగిలిన చెరువు మిగిలింది. ఆక్రమణ జరిగే రోజుల్లో రాతి గోడ ఒక సరిహద్దు రాయిలా పనిచేసింది.

ఆ గోడే పక్షులకు అడ్డమూ అయింది. నగరంలో చెరువు బాగుచేయడమంటే ఒక నమూనా స్థిరపడిపోయింది. చుట్టూ తిన్నగా రాతి కట్టు, పైన టైల్స్ దారి, రెయిలింగ్, రంగు దీపాలు, ఫౌంటెన్, వీలైతే బోటు. రాతి కట్టు దగ్గరే నీరు నిలువు లోతు. కొంగ నిలబడలేదు, ఉల్లంకికి మేత లేదు, తాబేలు ఒడ్డెక్కలేదు. నల్లతుమ్మలు పిచ్చిచెట్లని కొట్టేస్తారు, అసలు గూళ్లు కట్టేవి వాటి మీదే. రాత్రంతా వెలిగే దీపాల కింద పక్షులు నిద్రపోలేవు.

వినాయక నిమజ్జనం మాట కూడా చెప్పుకోవాలి. నగరానికి ఈ వైపున్న పెద్ద నిమజ్జన కేంద్రాల్లో సరూర్‌నగర్ చెరువు ఒకటి. పూజ చేసిన విగ్రహం నీళ్లలో కలవాలన్నది తరాల ఆచారం, దాని మీద ఎవరికీ ఫిర్యాదు ఉండనక్కర్లేదు. ఆ విగ్రహం చెరువు మట్టితో చేసిందైతే చెరువుకు మట్టే తిరిగొస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కరగదు, రంగుల్లోని లోహాలు అడుగున పేరుకుంటాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు సవరించి ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. అడుగు మట్టిని తవ్వి తినే పిట్టలకు, ఆ నీటి చేప తినే మనకూ వర్తించే సంగతిది. నిమజ్జనానికి పక్కనే వేరే కొలను ఉంటే పండుగకు లోటు రాదు.

గోడ కట్టాక నీళ్లు ఎటు పోవాలి

2020 అక్టోబరు 13 రాత్రిని ఎల్‌బీ నగర్ వైపు జనం మరిచిపోలేరు. వాన ఆగకుండా కురిసింది. మీర్‌పేట, జిల్లెలగూడ వైపు చెరువులు నిండి పొర్లి నీళ్లన్నీ కిందికి, సరూర్‌నగర్ చెరువులోకి తోసుకొచ్చాయి. గొలుసుకట్టు చెరువులంటే అంతే. పైదాని మత్తడి కిందిదాని వాగు, చివరికి అందరి దారీ మూసీకే. సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాంనగర్, సీసాల బస్తీ మునిగాయి. నాగోలు వైపు బండ్లగూడ చెరువు కింద అయ్యప్ప కాలనీదీ అదే పరిస్థితి. కింది వాటాల్లో ఉన్నవాళ్లు పిల్లలనెత్తుకుని పై వాటాలవాళ్ల ఇళ్లకు చేరారు. నీళ్లు తీసిన తర్వాత డాబాల మీద పరుపులు, రేషన్ కార్డులు, పదో తరగతి సర్టిఫికెట్లు ఎండకు పరిచి ఉన్నాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులోనూ ఈ బస్తీలకు నీళ్లొచ్చాయి. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఫ్రిజ్జు కింద ఇటుకలు తీయలేదు. ఆకాశం మబ్బేస్తే ముందు మిక్సీ అటకెక్కుతుంది.

పక్షుల కథలో ఇదెందుకంటే, రెండూ ఒక్క నేల కథే కాబట్టి. వానాకాలంలో మునిగి ఎండాకాలంలో తేలే శిఖం భూమి ఉల్లంకికి మేత. వరద వచ్చిన రాత్రి చెరువు ఒళ్లు విరుచుకునే చోటూ అదే. ఆ చోట ఇళ్లు లేచాయి, మిగిలిన చెరువు మురుగుతో ఎప్పుడూ నిండుగానే ఉంటోంది. కొత్త వానకు లోపల జాగా లేదు. నాలాలను వెడల్పు చేయడానికి ఎస్‌ఎన్‌డీపీ అనే ప్రభుత్వ పథకం కింద పనులు జరిగాయి. ఆ పనులు అవసరమే. అయితే నీళ్లను త్వరగా కిందికి పంపడం ఒక పని, కాసేపు పట్టి ఉంచడం ఇంకో పని. రెండోది చెరువు చేయాల్సింది. అందుకు జూన్ నాటికి చెరువు తగ్గి ఉండాలి.

ఈ కారణంగానే పక్షుల కోసం ఒడ్డు అడిగితే కాలనీవాసులు విసుక్కోనక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది వేరేది కాదు.

మన పక్కనే ఉన్న పాఠాలు

తిరుపతి జిల్లా సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు. 1976లో పక్షుల రక్షిత కేంద్రమైంది, సుమారు 459 హెక్టార్లు. అదీ ఊరి చెరువే. నీళ్లలో మునిగి నిలబడినా చావని కడప చెట్లు ఆ చెరువులో ఉన్నాయి. వాటి మీద గూడబాతులు గూళ్లు కడతాయి. అవి మేతకు వెళ్లేది పులికాట్‌కూ చుట్టుపక్కల చెరువులకూ. తెచ్చేది పిల్లలకు చేపలు, వదిలేది చెరువులో రెట్ట. ఆ రెట్ట కలిసిన నీళ్లు పారితే పొలానికి ఎరువు వేయక్కర్లేదని రైతులకు తెలుసు. చట్టం రాకముందే పక్షులను ఊరు కాపాడుకున్నదంటే దానికి ఇలాంటి లెక్కలున్నాయి. అటవీ శాఖ తర్వాత వచ్చి కంచె, గోపురం, దారులు పెట్టింది. ఫ్లెమింగో పండుగకు ఇవాళ వేలల్లో జనం వస్తారు. గూడు కట్టే చెట్లకు జనం దూరంగా, చూసే గోపురానికి దగ్గరగా ఉండేట్టు దారి వేయడంలోనే ఆ చెరువు నిర్వహణ అంతా ఉంది.

గుంటూరు పక్కన ఉప్పలపాడు ఇంకా చిన్న కథ, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఊరి చెరువు, చూపు ఒక్కసారి తిప్పితే అయిపోయేంత. అందులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, కంకణాలు కిక్కిరిసి కనిపిస్తాయి. చెట్లు చాలకపోతే ఇనుప చట్రాలు నిలబెట్టారు, వాటి మీదా గూళ్లు కట్టాయి. అరుపులు, వాసన ఊళ్లో వాళ్లకే. సరూర్‌నగర్‌కు ఇది ఎందుకు పనికొస్తుందంటే, ఇళ్ల మధ్యనున్న చెరువులో పక్షులు ఉండవన్న మాట అబద్ధమని తేల్చేసింది కాబట్టి. పక్షికి కావాల్సింది అడవి కాదు. చుట్టూ నీళ్లున్న కొమ్మ, రాయి విసరని మనిషి, అందే దూరంలో మేత. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో అవి ఊరి చెట్ల మీదే పిల్లలను లేపుతాయి.

కొల్లేరు పాఠం చేదుది. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అప్పటికే సరస్సు గడులు గడులుగా చేపల చెరువులైపోయింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లను పేలుడు పదార్థాలు పెట్టి పేల్చారు. తర్వాత కొన్ని గట్లు మళ్లీ లేచాయి. పెట్టుబడి పెట్టినవాళ్లు ఎక్కడో ఉంటారు, సరస్సు మీద బతికే వడ్డీ కులం చేపలవాళ్లు కోర్టుకూ కాంటూరుకూ మధ్య నలిగారు. చేపలవాళ్లను, రైతులను పక్కన కూర్చోబెట్టకుండా గీసిన గీత నిలబడదని కొల్లేరు చెబుతుంది. అదే కొల్లేరులో కైకలూరు దగ్గర ఆటపాక ఇంకోలా ఉంది. ఒక చెరువును గూడబాతులకు వదిలి, గూళ్లకు ఇనుప స్టాండ్లు పెట్టి, జనాన్ని పడవలో దూరం నుంచి చూపిస్తున్నారు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కూడా మనుషులు కట్టిన చిత్తడే. రాజులు కట్టలు వేసి, కాలువ నీళ్లు మళ్లించి తయారు చేసుకున్న బాతుల వేట మైదానం. 1982 నవంబరులో అక్కడ పశువుల మేత ఆపేశారు. ఊళ్లవాళ్లు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తీరా చూస్తే గేదెలు తినకపోవడంతో గడ్డి నీళ్లంతా కమ్మేసింది, బాతులకు గడ్డి లేని నీరు కరువైంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో తేలింది ఇదే. పక్షికి శత్రువనుకున్న గేదె ఆ చిత్తడికి తోటమాలి.

లండన్ మాట ఒక్కటి చెప్పి ఈ పాఠాలు ముగిస్తాను. ఆ నగరంలో పనిలేకుండా పోయిన నాలుగు కాంక్రీటు మంచినీటి రిజర్వాయర్లను విడగొట్టి పక్షుల చిత్తడిగా మార్చారు. 2000లో జనానికి తెరిచారు. విస్తీర్ణం 42 హెక్టార్లు, అంటే సరూర్‌నగర్ చెరువుకు ఇంచుమించు సమానం. నిలువు గోడలు తీసి వాలు ఒడ్లు పెట్టారు. ఒక్కో మడుగులో నీటిమట్టం వేరుగా పెంచడానికి, తగ్గించడానికి తూములు పెట్టారు. పక్షులకు కనపడకుండా కూర్చుని చూసే చెక్క గదులు కట్టారు. చుట్టూ మహానగరం అలాగే ఉంది.

---

బాక్స్: చట్టంలో ఒక సందు

2017 నాటి చిత్తడి నేలల నిబంధనల్లో సాగునీటికి, తాగునీటికి, వినోదానికి మనుషులు తవ్విన నీటి వనరులను చిత్తడి నేలల నిర్వచనంలోంచి మినహాయించారు. తెలంగాణ చెరువులు దాదాపు అన్నీ సాగునీటికి తవ్వినవే.

అయితే చెరువును కాపాడుకోవడానికి మరో తలుపు ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద 2016లో అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో పట్టణ ప్రాంత చెరువుకు ఈ గుర్తింపు రావడం అదే మొదలు.

పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల బఫర్ ఉండాలని 2012 నాటి 168వ జీవో చెబుతోంది.

---

ఇక్కడ చేయగలిగేది

మొదటిది మురుగు. నాలా నీళ్లను చెరువులోకి రాకముందే పట్టి మూసీ ఒడ్డున శుద్ధి కేంద్రానికి పంపాలి. నాగోలులో రోజుకు 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం ఎప్పటి నుంచో ఉంది. అక్కడితో ఆపితే చెరువు ఎండుతుంది. శుద్ధి చేసిన నీళ్లలో కొంత, జమ్ము మడుల గుండా నెమ్మదిగా పారించి మళ్లీ చెరువుకే ఇవ్వాలి. జమ్ము వేళ్లు మిగిలిన మలినాన్ని తీసుకుంటాయి. నెక్నాంపూర్ చెరువులో 2018లో సుమారు 3,000 చదరపు అడుగుల తేలే మొక్కల తెప్పను వేశారు. మొక్కలు నీళ్లను కడిగాయి, వాటి మీద పిట్టలు దిగాయి.

రెండోది ఒడ్డు. చుట్టూ ఉన్న గోడను కూల్చమని అడగడం లేదు. కట్ట వైపు కట్ట బలంగానే ఉండాలి, దాని కింద మనుషులున్నారు. నాలా కలిసే వైపు, ఇళ్లకు ఎడంగా ఉన్నచోట రెండు మూడు ఎకరాల ఒడ్డును పల్చటి వాలుగా మార్చవచ్చు. పూడిక తీసిన మట్టిని లారీల్లో ఊరవతల పారబోసే బదులు, లోహాల పరీక్ష చేసి బాగున్నదాన్ని చెరువు నడుమ రెండు దిబ్బలుగా పోసి నల్లతుమ్మ నాటితే కుక్కలు చేరలేని గూళ్లు తయారవుతాయి. ఆ వైపు దీపాలు వద్దు, నడక దారి వద్దు. మిగతా మూడు వైపులా మనుషులే నడవవచ్చు.

మూడోది మనిషి. చెరువు ఒకటే అయినా దాని మీద చేతులు చాలా ఉన్నాయి. నేల రెవెన్యూది, కట్ట, మత్తడి నీటిపారుదల శాఖవి, పార్కు, దోమలు కార్పొరేషన్‌వి, చేపలు మత్స్య శాఖవి. గుర్రపు డెక్క తీసే తేదీ ఒకరిది, చేప పిల్లలు వదిలే తేదీ ఇంకొకరిది. బొల్లికోడి గూడు కట్టిన వారమే యంత్రం దిగుతుంది. ఇంతమందిలో ఫిబ్రవరి ఒకటిన తూము ఎత్తాలి, జూన్ నాటికి మూడడుగులు తగ్గాలి, జమ్ము సగం ఈ ఏడు సగం వచ్చే ఏడు కోయాలి అని చెప్పే మనిషి ఒక్కరు కావాలి. పాత ఊళ్లలో ఆ మనిషికి ధాన్యంలో వాటా ఇచ్చేవాళ్లు. ఇప్పుడు జీతం ఇచ్చి, చెరువు మీద వలలు వేసేవాళ్ల కుటుంబాల నుంచి తీసుకుంటే అంతకంటే మంచిది లేదు. ఏ మూలన ఎంత లోతో వాళ్ల కాళ్లకే తెలుసు.

చూడ్డానికి వెళ్తే

సరూర్‌నగర్‌కు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మెట్రో స్టేషన్లు రెండూ దగ్గరే. నవంబరు నుంచి మార్చి మొదటివారం దాకా, తెల్లారాక రెండు గంటలు మంచి సమయం. సూర్యుడు వీపు వైపు ఉండేట్టు నిలబడితే రంగులు తెలుస్తాయి, ఎదురుగా ఉంటే అన్నీ నల్లటి నీడలే. ఎరుపు, తెలుపు, మెరిసే బట్టలు మానేసి మట్టిరంగువి వేసుకోవాలి. బైనాక్యులర్ లేకపోయినా ఫర్వాలేదు. ఒకచోట అరగంట కూర్చుంటే, చెరువు చుట్టూ గంట నడిచినదానికంటే ఎక్కువ కనిపిస్తాయి.

బ్రెడ్డు ముక్కలు, మరమరాలు వేయవద్దు. నీళ్లు పాడవుతాయి, పావురాలు, కాకులు పెరుగుతాయి. ఫోన్లో పిట్ట కూత పెట్టి పిలవడం తప్పు. తన జాగాలోకి ఇంకొకటి వచ్చిందని అది మేత మాని వెతుక్కుంటుంది. డ్రోను ఎగరేస్తే గద్ద వచ్చిందని గుంపంతా లేస్తుంది. ఎగిరే ఫొటో కోసం రాయి వేసేవాళ్లున్నారు, వాళ్లను ఆపండి. వేల మైళ్లు ఎగిరి వచ్చిన పిట్టకు లేచిన ప్రతిసారీ ఖర్చయ్యేది తిరుగు ప్రయాణపు కొవ్వు. గూటిని చూస్తే ఆ చోటు నలుగురికీ చెప్పకండి.

పిల్లలను తీసుకెళ్లండి. ‘నాన్నా, అది హంసా?’ అని అడుగుతారు. తెల్లకొంగ అని చెప్పి, మెడ ఎలా మడిచిందో చూడమంటే చాలు, మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

ఎల్‌బీ నగర్ నుంచి విజయవాడ హైవే పట్టుకుంటే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. అది కృష్ణజింకల పార్కు. గడ్డి నేలల పిట్టలు, పాలపిట్ట అక్కడ బాగా కనిపిస్తాయి. ఒక రోజంతా వీలైతే సంగారెడ్డి దగ్గర మంజీరా అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించారు, నగరానికి తాగునీళ్లిచ్చే జలాశయం కూడా అదే. దీవుల మీద కొంగలు, ఒడ్డున ఎండకు పడుకున్న మొసళ్లు. అక్కడ నీళ్లలో కాళ్లు పెట్టకండి.

ఒంటరిగా మొదలుపెట్టడానికి మొహమాటపడేవాళ్లకు తోడు దొరుకుతుంది. 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా మొదలైన డెక్కన్ బర్డర్స్ ఉంది, హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ ఉంది. కొత్తవాళ్లను వెంటబెట్టుకుని తీసుకెళ్తారు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతుంది. చెరువు ఒడ్డున నిలబడి ఏ పిట్ట ఎన్ని అని రాయడమే అందులో పని. హైదరాబాద్‌లో పేరున్న చెరువులకు లెక్కించేవాళ్లు ఉత్సాహంగా వస్తారు. మురుగు వాసన వచ్చే చెరువులకు తక్కువమంది వస్తారు. కాబట్టి వాటిలో పిట్టలున్నట్టు కాగితం మీద ఎక్కడా ఉండదు. వచ్చే బాగుచేత పనుల నక్షా గీసేటప్పుడు ఇంజినీరు అడిగేది ఆ కాగితమే. ఫలానా మూలన ఇన్ని ఉల్లంకులు మూడేళ్లుగా దిగుతున్నాయని తేదీలతో సహా చూపించగలిగితే, ఆ మూలన గోడ బదులు వాలు ఒడ్డు గీయించమని అడగవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో పోటీ పరీక్షలకు పక్షుల పేర్లు కంఠతా పట్టే పిల్లలు వేలల్లో ఉన్నారు. చెరువు నడక దూరంలోనే ఉంది. పెన్సిలు, చిన్న నోటుబుక్కు, జనవరిలో ఒకటి రెండు ఆదివారాల పొద్దు, అంతకు మించి సరంజామా అక్కర్లేదు.